ఇసాక్వాలో ఇల్లు: చుట్టూ అడవే కదా, ఏడాది పొడవునా గాలి బాగుంటుందా?

కొత్తగూడు | 2022 జూన్ 4

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా సియాటిల్ పక్కన బెల్వ్యూలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. ఇప్పుడు దగ్గర్లోని ఇసాక్వా ఊళ్లో ఇల్లు కొందామని తిరిగి తిరిగి రెండిటి దగ్గర ఆగాం. ఒకటి కింద పాత ఊళ్లో, ఇసాక్వా క్రీక్‌కి దగ్గర. రెండోది పైన హైలాండ్స్‌లో.

మా బాబుకి ఆరేళ్లు. ఆస్తమా ఉంది. 2020 సెప్టెంబర్‌లో లేబర్ డే తర్వాత కమ్మేసిన కార్చిచ్చు పొగ మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ వారం ఒక రాత్రి రెండింటికి వాడి ఛాతీలోంచి పిల్లికూతలు వినబడుతుంటే, కిటికీ సందుల్లో తడి తువ్వాళ్లు దోపి, వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని తెల్లారేదాకా మేలుకున్నాను. అందుకే ఈ ప్రశ్న నాకు చిన్నది కాదు.

మావారు "చుట్టూ కొండలు, అడవి, ఇంతకంటే మంచి గాలి ఎక్కడ దొరుకుతుంది" అంటున్నారు. నాకేమో కొండల మధ్య ఉంటే పొగ బయటికి పోదేమో అని భయం. అక్కడే ఉంటున్నవాళ్లు ఏ నెలలో ఎలా ఉంటుందో చెప్పగలరా? రెండు ఇళ్లలో ఏది నయం?

ఆల్డర్‌నీడ | 2022 జూన్ 4

పన్నెండేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. మీవారు చెప్పింది, మీరు భయపడుతున్నది రెండూ నిజమే, కాకపోతే వేర్వేరు నెలల్లో.

ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి చాలా బాగుంటుంది. పసిఫిక్ మీదుగా వచ్చే తేమగాలి వానతో కడిగేస్తుంది. నవంబర్‌లో వాన వెలిసాక స్క్వాక్ మౌంటెన్ దారిలో నడిచి చూడండి, ఆ గాలి వేరు. కానీ జులై చివరి నుంచి అక్టోబర్ దాకా కార్చిచ్చుల పొగ ఎప్పుడైనా రావచ్చు. 2017, 2018 ఆగస్టుల్లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా మంటల పొగ వచ్చింది. 2020 సంగతి మీకు తెలుసు. 2019, 2021ల్లో మాత్రం ఇక్కడ పెద్దగా ఇబ్బంది పడలేదు. అంటే ప్రతి ఏడూ రాదు, వచ్చినప్పుడు మాత్రం పది రోజులు కూడా వదలదు.

చలికాలం ఇంకో కథ. దాని గురించి ఎవరూ ముందు చెప్పరు, అందుకే చెబుతున్నాను: కట్టెల పొగ.

రోజూ ఐ90 | 2022 జూన్ 5

ఇంత టెన్షన్ పడాల్సిన పని లేదండీ. ఎనిమిదేళ్లుగా ఇసాక్వా నుంచి సియాటిల్‌కి ఆఫీసుకి వెళ్లొస్తున్నాను. ఊళ్లోకి దిగగానే ఊపిరి తేలికవుతుంది. ఇన్ని చెట్లు పొగని, దుమ్మునీ పీల్చేసుకుంటాయి కదా. ఏడాదిలో పది రోజుల కోసం ఇల్లు మానుకుంటారా?

మేఘమాల | 2022 జూన్ 5

ఇల్లు మానుకోవద్దన్న మాట నేనూ ఒప్పుకుంటాను. చెట్ల మాట ఒప్పుకోలేను. ఆకుల మీద, సూదుల మీద కొంత ధూళి అంటుకుంటుంది, నిజమే. కానీ కార్చిచ్చు పొగ వందల మైళ్ల మేర పరుచుకుని వస్తుంది. దాన్ని ఊళ్లో చెట్లు వడకట్టలేవు. ఇంకో సంగతి, వేడి రోజుల్లో చెట్ల నుంచి వెలువడే ఆవిరులు కూడా, వాహనాల పొగతో ఎండలో కలిసినప్పుడు నేల దగ్గర ఊపిరికి హాని చేసే ఓజోన్ తయారవడానికి పనికొస్తాయి. సియాటిల్ వాహనాల పొగ అలా ఎండలో కాగి ఆగ్నేయంగా జరిగి, కొండల కింద ఉన్న ఇనమ్‌క్లా దగ్గర ఓజోన్ ఎక్కువగా నమోదవుతుంటుంది. మూలం నగరంలో ఉంటుంది, పడేది కొండ కింద. ఇసాక్వాలో దాని గురించి మరీ బెంగ అక్కర్లేదు గానీ, బాగా ఎండగా ఉన్న మధ్యాహ్నం బాబుని పరుగు ఆటలకి పంపకుండా సాయంత్రం పంపండి.

ఇక మీ అసలు ప్రశ్న. ఊరి నైసర్గిక స్వరూపం చూడండి. పడమర కౌగర్ మౌంటెన్, సుమారు 1,600 అడుగులు. దక్షిణాన స్క్వాక్, 2,000. తూర్పున టైగర్, 3,000 దగ్గర. ఉత్తరాన సమామిష్ సరస్సు. మధ్యలో ఊరు గిన్నె అడుగున ఉన్నట్టుంటుంది. చలికాలంలో ఆకాశం నిర్మలంగా ఉండి గాలి వీచని రాత్రి, నేల చల్లబడి దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. చల్లగాలి బరువు, కొండవాలు నుంచి జారి కిందికి చేరుతుంది. పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. దీన్నే ఇన్వర్షన్ అంటారు. చిమ్నీల్లోంచి వచ్చే పొగ ఆ మూత దాటి పైకి పోలేదు. అలాంటి రాత్రి హైలాండ్స్‌లో నిలబడి చూస్తే కింద ఊరి మీద బూడిదరంగు పొర పరుచుకుని కనిపిస్తుంది. కాబట్టి చలికాలం లెక్కలో పై ఇల్లు నయం.

వేసవి చివర అలా కాదు. ఎత్తులో అధిక పీడనం కుదిరి, స్నోక్వాల్మీ పాస్ అనే కనుమ సందులోంచి తూర్పుగాలి మొదలైతే పొగ కొండల మీంచి ఇటు దిగుతుంది. ఆ గాలి కిందికి దిగేకొద్దీ వేడెక్కుతుంది, ఎండిపోతుంది. అప్పుడు పై ఇల్లు, కింది ఇల్లు అన్న తేడా పెద్దగా ఉండదు.

శ్వాస | 2022 జూన్ 5

రెస్పిరేటరీ థెరపిస్ట్‌గా పని చేస్తున్నాను. ఏ ఇల్లు అనేది పక్కన పెట్టి, ఏ ఇల్లైనా చేయాల్సినవి చెబుతాను.

బాబుకి రాతపూర్వకంగా ఆస్తమా యాక్షన్ ప్లాన్ ఉందా? అంటే ఏ లక్షణాలకి ఏం చేయాలో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గడుల్లో డాక్టర్ రాసిచ్చే కాగితం. లేకపోతే ఈ నెలలోనే డాక్టర్ దగ్గర రాయించుకోండి. పొగ వచ్చాక క్లినిక్‌లు కిటకిటలాడతాయి. రోజూ వాడాల్సిన ఇన్‌హేలర్ ఉంటే, బాగున్నాడు కదా అని వేసవిలో ఆపేయకండి. చాలామంది తల్లిదండ్రులు అక్కడే పొరబడతారు. రెస్క్యూ ఇన్‌హేలర్ గడువు తేదీ చూసుకుని, ఒకటి స్కూల్లో ఉంచండి.

తడి తువ్వాళ్లతో పొగ ఆగదమ్మా. ఆ రాత్రి మీరు చేయగలిగింది మీరు చేశారు. ఈసారి ఒక గదిని ముందే సిద్ధం చేసుకోండి. బాబు పడుకునే గదే అయితే మంచిది, ఎనిమిది తొమ్మిది గంటలు అక్కడే ఉంటాడు కాబట్టి. ఆ గదికి సరిపడే హెపా ప్యూరిఫయర్ (సన్నటి ధూళిని పట్టే ఫిల్టర్ ఉన్న గాలి శుద్ధి యంత్రం) పెట్టండి. డబ్బా మీద స్మోక్‌కి సీఏడీఆర్ అని ఒక అంకె ఉంటుంది, శుభ్రమైన గాలి ఎంత వేగంగా ఇస్తుందో అది చెబుతుంది. మామూలు రోజులకైతే గది వైశాల్యం చదరపు అడుగుల్లో ఎంతో, అందులో మూడింట రెండు వంతులు చాలు. కార్చిచ్చు పొగకి మాత్రం వైశాల్యం ఎంతో అంకె అంత ఉండాలి. 150 చదరపు అడుగుల గదికి 150. ఓజోన్ వదిలే రకం, అయనైజర్ అని అమ్మేవి వద్దు, ఆస్తమాకి అవి హాని.

కొత్తగూడు | 2022 జూన్ 6

ఇంత వివరంగా రాసినందుకు మీ అందరికీ ఎంతో రుణపడి ఉంటాను. శ్వాస గారూ, మీ పోస్టు మావారికి చదివి వినిపించాను. యాక్షన్ ప్లాన్ లేదు. రేపే ఫోన్ చేస్తాను.

లెక్క సరిచూడు | 2022 జూన్ 7

సెన్సర్ల గురించి ఒక మాట, ఎందుకంటే ఆగస్టు వచ్చేసరికి అందరూ తలో మ్యాప్ చూసి తలో అంకె చెబుతారు.

ఎయిర్‌నౌలో (ప్రభుత్వ వెబ్‌సైట్) కనిపించే ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీ (ఆకుపచ్చ బాగు, తర్వాత పసుపు, ఎరుపు చెడు, ఊదా ఇంకా చెడు), ఈ క్షణానిది కాదు. నౌకాస్ట్ అనే పద్ధతిలో గడిచిన 12 గంటల లెక్క తీసుకుని, గాలి త్వరగా మారుతుంటే చివరి గంటలకి ఎక్కువ బరువు ఇస్తుంది. పర్పుల్‌ఎయిర్ అనే, ఇళ్ల దగ్గర పెట్టుకునే సెన్సర్లు పక్క వీధి గాలిని నిమిషాల్లో చూపిస్తాయి. కానీ వాటిలో ఉండేది చిన్న లేజర్. కణాల మీద పడి చెదిరిన కాంతిని బట్టి లెక్క కడుతుంది. పొగలో అది ఎక్కువ చేసి చెబుతుంది. ఆ మ్యాప్‌లో కన్వర్షన్ అన్నచోట ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) అని ఎంచుకుంటే అసలుకి దగ్గరగా వస్తుంది. లేదా ఈపీఏ, ఫారెస్ట్ సర్వీస్ కలిసి నడిపే ఫైర్ అండ్ స్మోక్ మ్యాప్ చూడండి, అందులో సవరణ చేసే చూపిస్తారు.

పొగ రాబోతోందా అని తెలుసుకోవాలంటే అమెరికా వాతావరణ సంస్థ నోవా వారి హెచ్‌ఆర్‌ఆర్‌ఆర్ స్మోక్ మోడల్ ఉంది. అందులో రెండు పటాలుంటాయి: నేలకి దగ్గరగా ఉన్న పొగ, నేల నుంచి ఆకాశం దాకా ఉన్న మొత్తం పొగ. ఈ రెండింటి తేడా తెలియక చాలామంది కంగారు పడతారు. సూర్యుడు ఎర్రగా కనిపించినంత మాత్రాన మనం పీల్చేది పొగ కాదు, అది చాలా ఎత్తులో ఉండొచ్చు. నేలకి దగ్గరి పటం చూసే పిల్లల్ని బయటికి పంపాలా వద్దా నిర్ణయించుకోండి.

టైగర్‌వాలు | 2022 జూన్ 9

ఇల్లు చూసేటప్పుడు ఎవరూ అడగని ప్రశ్న ఒకటి: ఏసీ ఉందా? ఇక్కడి పాత ఇళ్లలో చాలావాటికి ఉండదు. పోయిన ఏడాది జూన్ 28న సీటాక్ విమానాశ్రయంలో 108 డిగ్రీల ఫారెన్‌హీట్ కొట్టింది గుర్తుంది కదా. వేడి, పొగ కలిసి వస్తే కిటికీ తెరిస్తే పొగ, మూస్తే ఉడుకు. పోర్టబుల్ ఏసీ కొనేవాళ్లు ఒకే గొట్టం ఉన్నది కొనకండి. అది గదిలోని గాలిని బయటికి తోస్తుంది, ఆ ఖాళీ నింపడానికి తలుపు సందుల్లోంచి పొగగాలి లోపలికి వస్తుంది. మా ఇంట్లో ఇదే జరిగింది, ప్యూరిఫయర్ ఎంత తిరిగినా అంకె దిగలేదు. రెండు గొట్టాలది గానీ, హీట్ పంప్ గానీ అయితే ఆ బాధ లేదు.

కొత్తగూడు | 2022 జులై 17

పై ఇల్లు వేరేవాళ్లకి పోయింది. కింది ఇల్లు తీసుకున్నాం. మొదట రెండు రోజులు బాధపడ్డాను. ఇప్పుడు పెరట్లో వాగు చప్పుడు వింటూ ఇది రాస్తున్నాను. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ ఉంది, ఏసీ లేదు. ముందు ఏం చేయమంటారు?

టైగర్‌వాలు | 2022 జులై 17

శుభాకాంక్షలండీ! ముందు ఫర్నేస్ ఫిల్టర్ చూడండి. మెర్వ్ 13 (సన్నటి ధూళిని పట్టే దట్టమైన రకం) వేయొచ్చా అని సర్వీస్ చేసేవాళ్లని అడగండి. కొన్ని పాత ఫర్నేసులకి అంత దట్టమైన ఫిల్టర్‌లోంచి గాలి లాగే బలం ఉండదు. వేయొచ్చంటే, పొగ రోజుల్లో థర్మోస్టాట్‌లో ఫ్యాన్‌ని ఆటో నుంచి ఆన్‌కి మార్చండి. వేడి అక్కర్లేకపోయినా గాలి ఫిల్టర్‌లోంచి తిరుగుతూనే ఉంటుంది.

తర్వాత వెంటిలేషన్ ఫ్యాన్. ఇక్కడ కొన్ని ఇళ్లలో టైమర్ మీద దానంతట అదే తిరిగే ఫ్యాన్ ఒకటి ఉంటుంది, చాలావరకు బాత్రూమ్‌లోనో లాండ్రీ గదిలోనో. మంచి రోజుల్లో అది కావాలి. పొగ రోజుల్లో అదే పొగని లోపలికి తెస్తుంది. ఆ స్విచ్ ఎక్కడుందో ఇప్పుడే కనుక్కోండి.

కొత్తగూడు | 2022 జులై 18

దొరికింది. లాండ్రీ గదిలో తలుపు వెనక. ఇంట్లో దిగి వారమైనా అది ఉందనే తెలియదు.

మేఘమాల | 2022 సెప్టెంబర్ 10

తూర్పుగాలి మొదలైంది. స్కైకోమిష్ దగ్గర బోల్ట్ క్రీక్ అనే మంట ఇవాళ తెల్లవారుజామున అంటుకుని వేగంగా పెరుగుతోంది. యూఎస్ 2 రోడ్డు మూసేశారు. పిల్లలున్నవాళ్లు సాయంత్రం కిటికీలు మూసేయండి.

కొత్తగూడు | 2022 సెప్టెంబర్ 10

కారు అద్దం మీద సన్నటి బూడిద పడింది. బాబు గదిలో ప్యూరిఫయర్ పెట్టేశాను. ఫ్యాన్ ఆపేశాను. వాడు బాగానే ఉన్నాడు.

రోజూ ఐ90 | 2022 అక్టోబర్ 16

అక్టోబర్ మధ్యలో 88 డిగ్రీలా? ఎప్పుడూ చూడలేదు. బోల్ట్ క్రీక్ ఇంకా రగులుతూనే ఉంది. నెల దాటింది, వాన జాడ లేదు.

కొత్తగూడు | 2022 అక్టోబర్ 19

ఏక్యూఐ ఎరుపు దాటింది. పెద్ద నగరాలన్నింటిలో సియాటిల్ గాలే ఇవాళ ప్రపంచంలో అధ్వాన్నమని వార్తల్లో చెబుతున్నారు. నాకు చేతులు వణుకుతున్నాయి. ఒక ప్యూరిఫయర్ బాబు గదిలో ఉంది, హాల్లో ఏమీ లేదు. దుకాణాల్లో ఎక్కడా దొరకడం లేదు. వాణ్ని పగలంతా గదిలోనే ఉంచాలా?

ఆల్డర్‌నీడ | 2022 అక్టోబర్ 19

కంగారు పడకమ్మా. నా దగ్గర ఇరవై అంగుళాల బాక్స్ ఫ్యాన్ ఒకటి, మెర్వ్ 13 ఫిల్టర్లు నాలుగు ఉన్నాయి. ఫిల్టర్లని నాలుగు గోడల్లా నిలబెట్టి, కింద అట్టముక్క, పైన ఫ్యాన్ గాలి పైకి కొట్టేలా పెట్టి, సందులన్నీ టేపుతో మూసేయాలి. కోర్సీ అనే ఇంజనీర్, రోసెంథాల్ అనే ఫిల్టర్ల కంపెనీ అధిపతి 2020లో ఆలోచించిన పద్ధతి. ఫిల్టర్ల మీద బాణం గుర్తు లోపలివైపు ఉండేలా చూసుకోండి. ఫ్యాన్ కొత్తదే, 2012 తర్వాత తయారైనవి అదనపు భద్రతా ఏర్పాట్లతో వస్తాయి. అయినా ఇంట్లో ఎవరూ లేనప్పుడు నడపకండి. అడ్రస్ మెసేజ్ చేయండి, గంటలో తెచ్చిస్తాను.

శ్వాస | 2022 అక్టోబర్ 19

గదిలోనే బంధించక్కర్లేదు, హాల్లోకి ఆ డబ్బా వస్తే ఇద్దరూ అక్కడే ఆడుకోండి. ఇవాళ నూనె కాగే వంటలు, అగరుబత్తీ, వాక్యూమ్ క్లీనర్ మానేయండి. ఇంట్లో పుట్టే ధూళి కూడా అదే లెక్కలోకి వస్తుంది. వంటగది ఎగ్జాస్ట్ నడిపితే బయటి గాలి లోపలికి లాగుతుంది, కాబట్టి స్టవ్ వాడకం తగ్గించండి.

యాక్షన్ ప్లాన్‌లో పసుపు గడిలో ఏం రాశారో అది చేయండి. మాట్లాడటానికి ఊపిరి అందకపోయినా, మెడ దగ్గర, పక్కటెముకల దగ్గర చర్మం లోపలికి లాక్కుంటున్నా, రెస్క్యూ ఇన్‌హేలర్‌తో తగ్గకపోయినా ఆలోచించకుండా 911కి ఫోన్ చేయండి. బయటికి వెళ్లక తప్పకపోతే మాస్కు. ఎన్95 పిల్లల కొలతల్లో చేయరు, ముఖానికి సరిగ్గా అంటుకునే చిన్న కేఎన్95 వెతకండి. గుడ్డ మాస్కు పొగకి పనికిరాదు.

కొత్తగూడు | 2022 అక్టోబర్ 20

ఆల్డర్‌నీడ గారు, వారి భార్య వచ్చి డబ్బా మా హాల్లోనే కూర్చి, టేపు వేసి వెళ్లారు. టీ కూడా తాగలేదు. రెండు గంటల్లో లోపలి పీఎం 2.5 (గాలిలోని అతి సన్నటి ధూళి) అంకె 90 నుంచి 14కి దిగింది. రాత్రంతా బాబు కదలకుండా పడుకున్నాడు. నేనూ పడుకున్నాను. అక్కయ్య గారికి నా నమస్కారాలు చెప్పండి.

మేఘమాల | 2022 అక్టోబర్ 21

సముద్రం వైపు గాలి తిరిగింది. వాన! కిటికీలన్నీ తెరవండి, మూడు రోజుల నుంచి లోపల నిలిచిపోయిన గాలి బయటికి పోనివ్వండి. మళ్లీ మూసేముందు ఫిల్టర్లు చూడండి, బూడిదరంగుకి తిరిగితే మార్చేయండి.

రోజూ ఐ90 | 2022 డిసెంబర్ 3

ఈ థ్రెడ్‌లో జూన్‌లో చెట్లు పొగ పీల్చేస్తాయని రాసింది నేనే. ఒక సంగతి అడగాలి. చలి మొదలయ్యాక శుక్రవారం, శనివారం రాత్రులు ఫైర్‌ప్లేస్‌లో కట్టెలు వేసుకుని కూర్చోవడం మాకు అలవాటు. నిన్న బయట నిలబడి చూస్తే మా చిమ్నీ పొగ పైకి పోకుండా పక్కకి వంగి, పక్కింటి పిల్లల గది కిటికీ ముందు తేలుతోంది. మేఘమాల గారు రాసిన మూత గుర్తొచ్చింది. ఇది లెక్కలోకి వచ్చేంత పొగేనా?

మేఘమాల | 2022 డిసెంబర్ 3

లెక్కలోకి వస్తుందండీ. ఒక్క చిమ్నీయే ఆ వీధి గాలిని ఆ రాత్రికి పాడు చేయగలదు. తెరిచి ఉండే ఫైర్‌ప్లేస్ వేడి తక్కువ, పొగ ఎక్కువ. ఇంట్లోని వెచ్చటి గాలిని కూడా చిమ్నీలోంచి పైకి లాగేస్తుంది.

కింగ్, కిట్‌సాప్, పియర్స్, స్నోహోమిష్ కౌంటీలకి ప్యూజెట్ సౌండ్ క్లీన్ ఎయిర్ ఏజెన్సీ ఉంది. గాలి నిలిచిపోయి పొగ పేరుకుంటుందనుకుంటే బర్న్ బ్యాన్, అంటే కట్టెలు కాల్చడంపై నిషేధం, ప్రకటిస్తుంది. స్టేజ్ 1లో ఫైర్‌ప్లేస్‌లు, సర్టిఫికెట్ లేని పాత స్టవ్‌లు వాడకూడదు. స్టేజ్ 2లో సర్టిఫైడ్ స్టవ్‌లు, పెల్లెట్ స్టవ్‌లు కూడా వాడకూడదు. ఇంటికి చాలినంత వేడి ఇంకే దారిలోనూ లేనివాళ్లకి మినహాయింపు. గ్యాస్‌వి వాడుకోవచ్చు. వేసవిలో ఫైర్ మార్షల్ పెట్టే నిషేధం వేరు, అది మంటలు అంటుకోకుండా. రెండూ కలిపేసుకోకండి.

రోజూ ఐ90 | 2022 డిసెంబర్ 4

నిషేధం పెట్టేదాకా ఆగలేను. మిగిలిన కట్టెలు కావాలన్నవాళ్లకి క్యాంపింగ్‌కి ఇచ్చేస్తాను. గ్యాస్ ఇన్‌సర్ట్‌కి ధర అడిగాను. కార్చిచ్చు పొగని మనం ఆపలేం, ఇది మన చేతిలో ఉన్నది. ఎనిమిదేళ్లు తెలియకుండా చేశాను, పక్కింటివాళ్లకి క్షమాపణ చెప్పి వచ్చాను.

కొత్తగూడు | 2022 డిసెంబర్ 5

మీ పోస్టు చదివాక నాకూ ధైర్యం వచ్చింది. మా పక్కింట్లో పెద్దాయన ఒక్కరే ఉంటారు, కట్టెల స్టవ్ మీదే ఆయన ఇల్లు వెచ్చబడుతుంది. ఫిర్యాదు చేయడానికి మనసొప్పక ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఇవాళ వెళ్లి బాబు సంగతి చెప్పాను. ఆయనకి తెలియదట, చాలా బాధపడ్డారు. కట్టెలు టార్పాలిన్ కింద తడిగా ఉన్నాయి. తడి కట్టె రాజుకోక పొగ ఎక్కువ వస్తుందని, తేమ 20 శాతం లోపు ఉండాలని చదివాను. మావారు చిన్న తేమ మీటర్ కొనిచ్చారు, శనివారం ఇద్దరూ కలిసి షెడ్డులో కట్టెలు మళ్లీ పేర్చబోతున్నారు.

కొత్తగూడు | 2023 ఏప్రిల్ 11

ఏక్యూఐ 18. పచ్చగా ఉంది. ఆకాశం అద్దంలా ఉంది. కానీ బాబుకి వారం నుంచి తుమ్ములు, కళ్ల దురద, నిన్న రాత్రి మళ్లీ పిల్లికూతలు. కారు మీదంతా పసుపు పొడి. ఎందుకిలా?

శ్వాస | 2023 ఏప్రిల్ 11

ఏక్యూఐలో పుప్పొడి ఉండదమ్మా. అది పీఎం 2.5, ఓజోన్ లాంటి కాలుష్యాలకి కట్టిన అంకె. పుప్పొడి రేణువులు చాలావరకు పది మైక్రాన్ల కంటే పెద్దవి, సెన్సర్‌కి కనబడవు. అంకె పచ్చగా ఉన్నా అలర్జీ ఉన్న పిల్లలకి గాలి బాగున్నట్టు కాదు.

ఆల్డర్‌నీడ | 2023 ఏప్రిల్ 11

నా పేరులో ఉన్న చెట్టే మొదటి దోషి. రెడ్ ఆల్డర్ ఫిబ్రవరి, మార్చిల్లోనే మొదలుపెడుతుంది, ఇంకా చలికాలమే అనుకుంటుండగా. ఇప్పుడు బర్చ్. మే నుంచి జులై దాకా గడ్డి, జూన్‌లో అది ఉధృతంగా ఉంటుంది. కారు మీద కనిపించే పసుపు పొడి ఎక్కువగా డగ్లస్ ఫర్ లాంటి సూదాకు చెట్లది. చూడ్డానికి భయం వేస్తుంది గానీ, ఆ పెద్ద రేణువులు అలర్జీకి అంత కారణం కావు. అలాగే మే చివర్లో దూదిలా ఎగిరే కాటన్‌వుడ్ నూగు అసలు పుప్పొడి కాదు, విత్తనాలకుండే దూది. జనం దాన్ని తిడుతుంటారు, సరిగ్గా అప్పుడే కంటికి కనబడని గడ్డి పుప్పొడి అసలు పని చేస్తుంటుంది.

శ్వాస | 2023 ఏప్రిల్ 12

బయట ఆడి రాగానే బట్టలు మార్చి, పడుకునే ముందు తలస్నానం చేయించండి. జుట్టులోని పుప్పొడి దిండు మీదికి చేరి రాత్రంతా ముక్కు దగ్గరే ఉంటుంది. ప్యూరిఫయర్ పొగకే కాదు, దీనికీ పనికొస్తుంది. దేనికి అలర్జీయో పరీక్ష చేయించండి. ఆల్డర్‌కే అని తేలితే, మందు జనవరి చివరే మొదలుపెట్టమని డాక్టర్ చెప్పొచ్చు.

కొత్తగూడు | 2023 మే 2

పరీక్ష అయింది. ఆల్డర్, బర్చ్, గడ్డి. క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకున్నాను.

లెక్క సరిచూడు | 2024 మే 8

ఈ వారం నుంచి మ్యాప్‌లో పసుపు ఎక్కువ కనబడుతోందని ఇద్దరు అడిగారు. గాలి చెడిపోలేదు, గీత మారింది. ఈపీఏ ఫిబ్రవరిలో పీఎం 2.5 వార్షిక ప్రమాణాన్ని ఘనపు మీటరుకి 12 మైక్రోగ్రాముల నుంచి 9కి తగ్గించింది. దాంతో ఏక్యూఐ పట్టిక కూడా ఈ నెలలో మారింది. ఇదివరకు 12.0 దాకా ఆకుపచ్చ, ఇప్పుడు 9.0 దాటగానే పసుపు మొదలవుతుంది. ఊదా రంగు 150.5 దగ్గర కాకుండా 125.5 దగ్గరే వస్తుంది. 2022 అక్టోబర్ అంకెల్ని ఈ ఏటి అంకెలతో పోల్చాలంటే ఏక్యూఐ వదిలేసి మైక్రోగ్రాములు చూడండి.

వాననీరు | 2024 మే 19

ఈ థ్రెడ్ మొదటి నుంచి చదివాను. నెల క్రితమే పాత ఊళ్లో అద్దెకి దిగాం. మా అమ్మాయికి మూడేళ్లు, పుట్టినప్పటి నుంచీ ఊపిరితిత్తుల ఇబ్బంది ఉంది. అద్దె ఇల్లు కాబట్టి ఫర్నేస్‌లో ఏమీ మార్చలేం, ప్యూరిఫయర్ ఇంకా కొనలేదు. ఆగస్టు లోపు ఏది ముందు చేయాలి?

కొత్తగూడు | 2024 మే 19

మీ పోస్టు చూస్తే రెండేళ్ల కిందటి నేనే గుర్తొచ్చాను. డాక్టర్ దగ్గర యాక్షన్ ప్లాన్ ఈ వారమే అడగండి. లాండ్రీ గదిలో, బాత్రూమ్‌లో టైమర్ ఉన్న ఫ్యాన్ ఉందేమో వెతకండి. పాప గదికి ప్యూరిఫయర్ జూన్‌లోనే కొనండి, పొగ వచ్చిన రోజు దొరకదు.

హాల్లోకి మాత్రం ఏమీ కొనకండి. ఆల్డర్‌నీడ గారు తెచ్చిన బాక్స్ ఫ్యాన్ మా గ్యారేజీలోనే ఉంది. వారిని అడిగాను, ఇచ్చేయమన్నారు. నాలుగు ఫిల్టర్లూ నిన్న కొత్తవి కొన్నాను. వచ్చే ఆదివారం వీలైతే రండి, టేపు వేయడం దగ్గరుండి చూపిస్తాను.